రాష్ట్రము చుట్టును కంచె: అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ జట్లును, ఇంటి బిడ్డలును

ప్రతి సంవత్సరము పదవ తరగతి పరీక్షలు ముగిసి ముగియకముందే తల్లిదండ్రులు మా కార్యాలయపు బల్ల యెదుట కూర్చుండి అడుగు ప్రశ్న యొకటి కలదు. "మాస్టారూ, అబ్బాయిని ఇక్కడే చదివించమంటారా, బయటికి పంపమంటారా?" ఈ ప్రశ్నకు మేము అందరికిని ఒకే సమాధానము చెప్పియుండలేదు. చెప్పిన సమాధానములలో తప్పినవియు నున్నవి. వానిలో ఒకదానిని గూర్చి ఈ వ్యాసమునందే తరువాత చెప్పుదుము.

గత సంక్రాంతి సెలవులలో మన సంఘసభ్యులలో నొకరి కుమారుడు, అమెరికాలోని ఒమాహా నగరమున ఉద్యోగము చేయుచున్నవాడు, తాను చదివిన బడిని చూచిపోవుటకు వచ్చెను. మాటల సందర్భమున అతడు, ఇదే ప్రశ్న ఆ దేశమున ఫుట్‌బాల్ ఆటను ఆశ్రయించి యెంత పెద్ద వ్యవహారముగా పెరిగినదో చెప్పెను. హైస్కూలు చదువు ముగించు మంచి ఆటగానిని ఇతర రాష్ట్రముల కళాశాలలు తన్నుకొని పోకుండ ఇంటనే నిలుపుకొనుటకు అచ్చటి విశ్వవిద్యాలయములు పడు పాట్లు విని మేము ఆశ్చర్యపడితిమి. అతడు చెప్పినదానికి మేము చదివి తెలిసికొన్నది చేర్చి తల్లిదండ్రుల యెదుట ఉంచుచున్నాము. ఆటలయందు అభిరుచి లేనివారు కూడ కొంత ఓపికతో చదువ ప్రార్థన.

మొదట ఆ ఆటను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. మన పిల్లలు సాయంకాలము మైదానమున కాలితో తన్ను బంతియాటను అమెరికావారు సాకర్ అందురు. వారు ఫుట్‌బాల్ అని పిలుచునది వేరు. బంతి రెండు కొనలు తేలి కోడిగ్రుడ్డును పోలియుండును. దానిని చేతబట్టి పరుగెత్తుదురు, విసరుదురు, పట్టుకొందురు. జట్టునకు పదునొకండుగురు. మైదానము నూరు గజముల పొడవు. నాలుగు ప్రయత్నములలో పది గజములైనను ముందుకు సాగవలెను. సాగనిచో బంతి ఎదుటివారి పాలగును. ఒకరి నేలను ఒకరు ఆక్రమించుకొనుటయే ఇందలి ప్రాణము గనుక, కబడ్డీ యెరిగినవారికి దీని సారము సులభముగనే తెలియును. తలకును భుజములకును కవచములు ధరించి ఆడినను దెబ్బలు తప్పవు. శుక్రవారము రాత్రి హైస్కూలు పిల్లల ఆట, శనివారము కళాశాలల ఆట, ఆదివారము జీతమునకు ఆడు వృత్తి క్రీడాకారుల ఆట. ఇది వారి రివాజు.

కళాశాల జట్టునకును రాష్ట్రమునకును ఈ సంబంధము ఎట్లు కలిగినదనగా, దానికి చదువుల చరిత్రయే కారణము. 1862లో, అబ్రహాము లింకను అధ్యక్షుడుగా నున్నపుడు, మొర్రిల్ చట్టమను శాసనము వచ్చెను. దాని ప్రకారము కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు భూములిచ్చి, వానిపై వచ్చు సొమ్ముతో వ్యవసాయము, యంత్రవిద్య మొదలగునవి నేర్పు కళాశాలలు నిలుపుమనెను. అట్లు పుట్టినవియు, వానితోపాటు పెరిగినవియునైన విశ్వవిద్యాలయములు పెక్కింటికి రాష్ట్రము పేరే పేరు. రాష్ట్రవాసుల పన్నులు వానికి చేరును. అందుచేత రాష్ట్రవాసుల బిడ్డలకు ఫీజు తక్కువ, బయటివారికి ఎక్కువ. కళాశాల గడప త్రొక్కని రైతు కూడ శనివారము నాడు "మన జట్టు" అని చెప్పుకొనుటకు ఇదియే మూలము. ఆ జట్టులో తన జిల్లా కుఱ్ఱవాడు ఒకడున్నచో ఆ మాటకు బలము హెచ్చును. ఎదుటి రాష్ట్రపు జట్టులో ఆడుచున్నచో కడుపుమంట హెచ్చును.

ఇక ఆటగాండ్రను చేర్చుకొను పద్ధతి. పదునైదు, పదునాఱేండ్ల వయస్సు వచ్చునప్పటికే మంచి ఆటగానిని గమనించువారు బయలుదేరుదురు. కొన్ని సంస్థలు బాలురకు నక్షత్రములు వేసి లెక్కకట్టును. ఐదు నక్షత్రముల వాడు దేశమునంతటికిని పేరు తెలిసిన వాడగును. కళాశాలల శిక్షకులు వాని ఇంటికే పోయి, ముందుగదిలో కూర్చుండి, తల్లి పెట్టిన ఫలహారము తిని, చదువును గూర్చి, భోజనవసతిని గూర్చి, దైవభక్తిని గూర్చి కూడ మాటలాడుదురు. తల్లిని మెప్పింపనిదే బిడ్డ రాడని వారికి తెలియును. చేరుటకు సమ్మతించిన బాలుడు ఒక నియమిత దినమున సంతకము చేయును. చాలకాలము ఇది ఫిబ్రవరి మొదటి బుధవారమున జరిగెడిది. 2017 నుండి డిసెంబరులోనే యొక అవకాశము కల్పింపబడినది. సంతకమునకు ప్రతిగా ఫీజు, బస, భోజనము, పుస్తకములు అన్నియు చేరిన విద్యార్థివేతనము లభించును. 1990 ప్రాంతము నుండి 2025 వరకు ఒక్కొక్క పెద్ద కళాశాల ఒక కాలమున 85 మందికి మించి ఇట్టి వేతనము ఇయ్యరాదను నియమముండెను. కావున ఒక్కొక్క స్థానము విలువైనది.

రాష్ట్రమునకు క్రొత్తగా వచ్చిన ప్రతి ప్రధాన శిక్షకుడును చెప్పు మాట ఒకటే: "ఈ రాష్ట్రము చుట్టును కంచె వేసెదను." ఇంటి బిడ్డలు బయటికి పోకుండ చూతునని దాని భావము. ఆ కంచె ఎట్లు వేయుదురు, ఎంతకాలము నిలుచును, లోపలివారికి ఏమి మేలు అను సంగతులు రెండు మూడు రాష్ట్రముల కథలను చూచిన తెలియును.

మన మిత్రుడున్న ఒమాహా నగరము నెబ్రాస్కా రాష్ట్రములోనిది. విస్తీర్ణమున అది నేటి ఆంధ్రప్రదేశ్ కంటె పెద్దది. జనాభా మాత్రము 2020 లెక్కల ప్రకారము ఇరువది లక్షలకు కొంచెము తక్కువ. జొన్న కంకులవలె బారులు తీరిన మొక్కజొన్న చేలు, పశువుల మందలు, దూరదూరముగా పల్లెలు. వృత్తి జట్టు లేదు. పెద్ద కళాశాల జట్టు ఒక్కటియే, లింకను నగరములోని రాష్ట్ర విశ్వవిద్యాలయమునది. 1962 నవంబరు మొదలుకొని ఆ మైదానమున జరిగిన ప్రతి ఆటకును టికెట్లన్నియు అమ్ముడుపోవుచు వచ్చినవి. వరుస నాలుగువందల ఆటలు దాటినది. సుమారు 85 వేలమంది పట్టు ఆ మైదానము ఆట జరుగు శనివారము నాడు ఆ రాష్ట్రమునకు మూడవ పెద్ద నగరమని వేడుకగా చెప్పుకొందురు.

ఇంత తక్కువ జనమున్న రాష్ట్రము కంచె వేసికొన్నంత మాత్రమున జట్టు నిండదు. 1973 నుండి 1997 వరకు అచ్చట ప్రధాన శిక్షకుడుగా నుండిన టామ్ ఆస్‌బర్న్, తానును ఆ రాష్ట్రపు బిడ్డయే, రెండు దారులు త్రొక్కెను. వేగముగా పరుగెత్తువారిని, బంతి విసరువారిని టెక్సాస్, న్యూజెర్సీ మొదలగు దూరదేశముల నుండి తెచ్చెను. పల్లెల నుండి వచ్చు బలాఢ్యులైన రైతుబిడ్డలకు వేరొక ద్వారము తెరచియుంచెను. విద్యార్థివేతనము లేకుండ, తమ ఫీజు తామే చెల్లించుకొని, జట్టుతో పాటు సాధన చేయుటకు వారు రావచ్చును. రెండు మూడేండ్లు ఓర్చి పనికివచ్చునని తేలినచో వేతనమును లభించును. ఇట్టివారిని వాక్-ఆన్ లందురు. పిలువకయే నడచి వచ్చినవారని అర్థము. నెబ్రాస్కా 1994, 1995, 1997 సంవత్సరములలో దేశమున ప్రథమస్థానము గడించిన జట్లలో ఇట్లు నడచి వచ్చినవారు పెక్కురుండిరి. ప్రతి చిన్న ఊరికిని ఆ జట్టులో ఒక బంధువు ఉన్నట్లుండెను. ఇది కంచె గాదు, గుమ్మము. ఆ రెంటికిని గల భేదము మాకు ముఖ్యముగా తోచినది.

ఫ్లోరిడా కథ వేరు. అది ఆటగాండ్రకు గని వంటి రాష్ట్రము. అయినను దాని దక్షిణపు కొనయందలి మియామీ విశ్వవిద్యాలయము, ప్రైవేటు విద్యాలయము, 1970 దశకమున ఫుట్‌బాల్ జట్టునే ఎత్తివేయుదుమా యని ఆలోచించు దుస్థితికి వచ్చెను. చుట్టుప్రక్కల బీదపేటలలో పుట్టి పెరిగిన మేటి ఆటగాండ్రు ఇతర చోట్లకు పోవుచుండిరి. 1979లో శిక్షకుడుగా వచ్చిన హోవర్డ్ ష్నెల్లెన్‌బర్గర్ దక్షిణ ఫ్లోరిడాను ప్రత్యేకముగా నొక రాష్ట్రముగనే భావించి, దానికి 'మియామీ రాష్ట్రము' అని పేరు పెట్టి, ఆ పొలిమేరలోని హైస్కూళ్ళన్నిటిని తిరిగెను. ఇచ్చట నొక వింత కలదు. ఈయన యౌవనమున అలబామాలో సహాయ శిక్షకుడుగా నున్నపుడు జో నేమత్ అను ప్రసిద్ధుడైన ఆటగానిని పెన్సిల్వేనియా నుండి తీసికొనిపోయినవాడు. ఇతరుల కంచె దాటిన అనుభవమే తన కంచెను ఎచ్చట గట్టిగా కట్టవలెనో నేర్పియుండునని మా ఊహ.

1984 జనవరి 2వ తేదీ రాత్రి మియామీలోని ఆరెంజ్ బౌల్ మైదానమున ఈ రెండు జట్లును తలపడినవి. నెబ్రాస్కా ఆ సంవత్సరము ఒక్క ఆటయు ఓడలేదు. ఆ రాత్రి నెబ్రాస్కాకు వచ్చిన పాయింట్లలో కొన్ని డీన్ స్టైన్‌కూలర్ అను భారీకాయుని వలన వచ్చినవి. అతడు బర్ అను పల్లె వాడు. నేడు ఆ పల్లెలో నూరుగురు జనాభా యైనను లేదు. అట్టి పాత్ర వహించు ఆటగాడు బంతి ముట్టుటయే అరుదు. నేలపై విడిచిన బంతిని తీసికొని పరుగెత్తు ఒక మాయోపాయముచే అతడు గీత దాటెను. చివరకు నలుబదియెనిమిది సెకండ్లు మిగిలియుండగా మియామీకి 31, నెబ్రాస్కాకు 30. ఒక పాయింటు సులభముగా తెచ్చుకొని సమానము చేసికొనియుండినచో ప్రథమస్థానము దాదాపుగా నెబ్రాస్కాదే. ఆస్‌బర్న్ అట్లు చేయక, గెలుపుకై రెండు పాయింట్ల ప్రయత్నము చేసెను. విసరిన బంతిని మియామీ ఆటగాడు చేతితో తాకి మళ్ళించెను. మియామీ గెలిచెను. ఇంటి బిడ్డలతో నిండిన జట్టు గెలిచినదని పత్రికలు వ్రాయుట సహజమే గాని, మియామీ పక్షమున బంతి విసరిన బెర్నీ కోసార్ ఒహాయో రాష్ట్రము వాడు! కంచె వేసినవాడు కూడ తనకు కావలసిన చోట గవిను ఉంచుకొనును.

ఈ పోటీలో తల్లి మనస్సు ఎట్లుండునో తెలుపు సంఘటన యొకటి లూయిజియానాలో జరిగినది. 2000 సంవత్సరమున నిక్ సేబన్ అను శిక్షకుడు ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, లూయిజియానా బిడ్డలను బయటికి పోనీయరాదని గట్టి నియమము పెట్టుకొనెను. 2003 ఆటలకాలమున ఆ జట్టు దేశమున ప్రథమస్థానమునకు వచ్చెను. కొన్నాళ్ళకు అతడు ఆ పదవి విడిచి, 2007 నుండి బద్ధవిరోధియైన అలబామాకు శిక్షకుడయ్యెను. అంతట తాను కట్టిన కంచెలో ఏ మూల దారి యున్నదో తెలిసినవాడు గనుక లూయిజియానా ఆటగాండ్రను అలబామాకు తరలింపసాగెను. 2012 జనవరిలో లాండన్ కాలిన్స్ అను లూయిజియానా బాలుడు టెలివిజన్ ఎదుట, తల్లి ప్రక్కన కూర్చుండి, తాను అలబామాకు పోవుచున్నట్లు ప్రకటించెను. తల్లి సంతోషింపలేదు. తల అడ్డముగా త్రిప్పి, తన అభిమానము ఇంటి విశ్వవిద్యాలయము మీదనే యున్నదని ఆ కెమెరాల యెదుటనే చెప్పెను. దేశమంతయు చూచినది. ఆ బాలుడు అలబామాలో ఆడి, పేరు గడించి, తరువాత వృత్తి జట్టులో చేరెను. తల్లి తప్పా, కొడుకు తప్పా యని మమ్ము ఎవరైన అడిగినచో మేము చెప్పలేము. పదునెనిమిదేండ్ల బిడ్డ మాటకును, వానిని కన్నవారి మాటకును మధ్య తీర్పరిగా కూర్చుండుట మాకెన్నడును సులభము కాలేదు.

ఇంతవరకు చెప్పినది చదివి, ఇంటి బిడ్డను ఇంటనే నిలుపుకొనుట సహజమైన అభిమానమే గదా యని తోచవచ్చును. అయితే 'ఇంటి బిడ్డ' అని ఎవరిని లెక్కించిరి? ఈ ప్రశ్న అడుగనిదే ఆ చరిత్ర సగమే తెలిసినట్లు.

1960 దశకము నడుమ వరకు అమెరికా దక్షిణ రాష్ట్రముల పెద్ద విశ్వవిద్యాలయముల జట్లలో నల్లజాతి బాలురకు చోటు లేకుండెను. టెక్సాస్‌లోని బోమాంట్ పట్టణపు బాలుడు బబ్బా స్మిత్. ఆ రాష్ట్రపు హైస్కూళ్ళలో అంత బలవంతుడు అరుదు. తండ్రియే హైస్కూలు శిక్షకుడు. అతనికొరకు టెక్సాస్‌లో ఏ శిక్షకుడును కంచె వేయలేదు. అతడు ఉత్తరమున మంచు కురియు మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమునకు పోయెను. దక్షిణ కరోలినా నుండి జార్జి వెబ్‌స్టర్, ఉత్తర కరోలినా నుండి జిమ్మీ రే, టెక్సాస్ నుండియే జీన్ వాషింగ్టన్ అచ్చటికే చేరిరి. 1966లో ఆ జట్టు ఒక్క ఆటయు ఓడలేదు. నోటర్ డామ్‌తో ఆడిన ప్రసిద్ధమైన ఆట 10–10గా సమానమయ్యెను. మరుసటి ఏడు వృత్తి జట్లవారు ఆటగాండ్రను ఎన్నుకొన్నపుడు మొట్టమొదటి పేరు బబ్బా స్మిత్‌దే. స్వరాష్ట్రము కాదన్న బిడ్డ దేశమున ప్రథముడయ్యెను.

అలబామాకు చెందిన జాన్ మిచెల్ కథ మాకు మరింత హత్తుకొన్నది. అతడు మొబీల్ పట్టణము వాడు. తన రాష్ట్రపు విశ్వవిద్యాలయమున ఆడు ఆశ లేనందున వేయి మైళ్ళకు పైగా దూరమునగల ఆరిజోనాలో ఒక జూనియర్ కళాశాలకు పోయి ఆడెను. 1970 సెప్టెంబరు 12న కాలిఫోర్నియా నుండి సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు జట్టు, నల్లవారును తెల్లవారును కలిసిన జట్టు, బర్మింగ్‌హామ్ నగరమునకు వచ్చి అలబామాను 42–21తో ఓడించెను. ఆ రోజు శామ్ కనింగ్‌హామ్ అను నల్లజాతి యువకుడు ఆడిన ఆటను అలబామావారు నేటికిని తలచుకొందురు. ఆ యేడే అలబామా శిక్షకుడు పాల్ బ్రయాంట్ విల్బర్ జాక్సన్ అను తన రాష్ట్రపు నల్లజాతి బాలుని చేర్చుకొనియుండెను గాని, మొదటి సంవత్సరపు విద్యార్థి యగుటచే అతడు ఆ ఆటలో దిగలేదు. పిమ్మట, కాలిఫోర్నియా శిక్షకుడు మాటల నడుమ ఆరిజోనాలో నున్న ఒక మంచి ఆటగానిని తాము తీసికొనబోవుచున్నామనియు, అతడు మొబీల్ వాడనియు చెప్పగా, బ్రయాంట్ వెంటనే ఫోనునొద్దకు పోయెనని చెప్పుకొందురు. మిచెల్ ఇంటికి వచ్చెను. 1971 సెప్టెంబరులో అలబామా తిరిగి అదే కాలిఫోర్నియా జట్టుతో వారి నేలమీదనే ఆడి 17–10తో గెలిచినపుడు, అలబామా పక్షమున ఆటలో దిగిన మొదటి నల్లజాతి ఆటగాడు మిచెల్. తరువాత అచ్చటనే సహాయ శిక్షకుడు కూడ నయ్యెను.

ఇచ్చట ఒక అల్పసంఖ్యాకుల సంఘమునకు చెందిన మేము మరియొక సంగతి గమనింపక తప్పదు. తలుపులు మూసియున్న ఆ కాలమున నల్లజాతివారు తమ బిడ్డలకై ప్రత్యేకముగా నిలుపుకొన్న కళాశాలలుండెను. లూయిజియానాలోని గ్రాంబ్లింగ్ వానిలో నొకటి. అచ్చట 1941లో పనిలో చేరిన ఎడ్డీ రాబిన్‌సన్ 1997 వరకు శిక్షకుడుగా నుండి 408 ఆటలు గెలిపించెను. రెండువందల మందికి పైగా ఆటగాండ్రను వృత్తి జట్లకు పంపెను. పెద్ద విశ్వవిద్యాలయముల తలుపులు తెరచుకొన్న పిమ్మట మేటి ఆటగాండ్రు అటు మరలిరి, ఈ కళాశాలల జట్లు మునుపటివలె లేవు. తలుపు తెరచుట న్యాయమే, ఎవరును కాదనరు. అయినను ఎవరును పిలువనినాడు బిడ్డలను పెంచిన చిన్న సంస్థ, అందరును పిలుచునాడు ఒంటరి యగుట చూచి మాకు కష్టము తోచినది. మన పాఠశాల సంగతి మన సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక సొమ్ము. 2021 జూలై వరకు కళాశాల ఆటగాడు చదువు ఖర్చులకు మించి ఆట వలన సొమ్ము పుచ్చుకొనరాదు. శిక్షకులకు మాత్రము కోట్ల జీతములు. పెక్కు రాష్ట్రములలో ప్రభుత్వోద్యోగులందరిలోను హెచ్చు జీతగాడు ఆటల శిక్షకుడే! 2021 జూన్‌లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా ఇచ్చిన తీర్పుతో పాత నియమములు సడలసాగెను. మరుసటి నెల నుండి ఆటగాడు తన పేరును, బొమ్మను వ్యాపారప్రకటనలకిచ్చి సంపాదించుకొను హక్కు వచ్చెను. దీనితో కంచెయు మారెను. మిస్సోరి రాష్ట్రపు రెండు పెద్ద నగరములు, సెయింట్ లూయీ, కాన్సాస్ సిటీ, రెండును పొలిమేర మీదనే యున్నవి. పొరుగువారు వచ్చి బిడ్డలను తీసికొనిపోవుట సులభము. 2023లో మిస్సోరి శాసనసభ ఒక చట్టము చేసెను: హైస్కూలులో నుండగానే బాలుడు ఆ రాష్ట్రపు విశ్వవిద్యాలయమున చేరుదునని సంతకము చేసినచో అప్పటినుండియే ప్రకటనల సొమ్ము పుచ్చుకొనవచ్చును. బయటి రాష్ట్రమునకు సంతకము చేసినవానికి ఆ సౌకర్యము లేదు. అభిమానముతోను మాటతోను వేసిన కంచె ఇప్పుడు శాసనముతోను సొమ్ముతోను వేయబడుచున్నది.

అది యెంతకాలము నిలుచునన్నది వేరు మాట. 2021 వరకు ఒక కళాశాల విడిచి మరియొకదానికి పోయిన ఆటగాడు సాధారణముగా ఒక సంవత్సరము ఆడక కూర్చుండవలసి వచ్చెడిది. ఆ యేడు ఒక మారునకు ఆ నిర్బంధము తీసివేసిరి. 2024లో చదువు సరిగా నున్నవానికి ఎన్ని మారులైనను మారవచ్చునని చెప్పిరి. కష్టపడి ఇంట నిలిపిన బిడ్డ మరుసటి యేడే పోవచ్చును. పోయిన బిడ్డ తిరిగి రావచ్చును కూడ. 2025 జూలై నుండి విశ్వవిద్యాలయములే ఆటగాండ్రకు నేరుగా సొమ్ము చెల్లింపవచ్చును. మొదటి సంవత్సరమునకు ఒక్కొక్క విశ్వవిద్యాలయము అన్ని ఆటలకును కలిపి చెల్లింపదగిన పరిమితి సుమారు రెండు కోట్ల అయిదు లక్షల డాలర్లు. ఈ ఒప్పందమునందే ఫుట్‌బాల్ జట్టులో మొత్తము 105 మందికి మించి యుండరాదని యొక నియమము చేరినది. 85 వేతనముల హద్దు తీసివేసిరి గాని, ఈ క్రొత్త హద్దు వలన నష్టపడునది వేతనము లేక నడచి వచ్చు పల్లె బాలుడే. సొమ్ము పెరిగినకొలది గుమ్మము ఇరుకైనది.

తల్లిదండ్రులు ఇంకొక లెక్క చూడవలెను. ఆ దేశమున హైస్కూళ్ళలో ఈ ఆట ఆడు బాలురు సుమారు పది లక్షలు. కళాశాలల జట్లలో చేరువారు డెబ్బదివేలకు పైచిలుకు. ఏటేట వృత్తి జట్లు ఎన్నుకొనునది రెండువందల యేబది మందికి కొంచెము ఎక్కువ. శిక్షకుడు ఇంటికి వచ్చి మాటలాడునపుడు ఈ చివరి సంఖ్య సాధారణముగా మాటలలోనికి రాదు. అందుచేత తెలివిగల తల్లి ఆట సంగతి విడిచి, "మా వాడికి మోకాలు విరిగితే మీ వేతనం ఉంటుందా? నాలుగేళ్ళకూ వ్రాసి ఇస్తారా? డిగ్రీ చేతికి వచ్చేవాళ్ళు ఎంతమంది?" అని అడుగును.

ఈ ప్రశ్నలను మేము చదువుచున్నపుడు సిగ్గుపడితిమని ఒప్పుకొనవలెను. మన సరిహద్దు ఊళ్ళకు కూడ కొన్నేండ్లుగా పొరుగు రాష్ట్రమునుండి వసతితో కూడిన ప్రైవేటు జూనియర్ కళాశాలల ప్రతినిధులు వచ్చుచున్నారు. పదవ తరగతిలో మంచి మార్కులు వచ్చు పిల్లల పేర్లు అడుగుదురు, ఇండ్లకు పోవుదురు, ఫీజులో తగ్గింపు అందురు, గోడలమీద ర్యాంకుల బొమ్మలు చూపుదురు. కొన్నేండ్ల క్రిందట మా విద్యార్థి యొకనికి సగము ఫీజుతో చోటిత్తుమని అట్టివారొకరు చెప్పగా, తండ్రి వచ్చి మా సలహా అడిగెను. పంపుమని మేమే చెప్పితిమి. తగ్గింపు మొదటి సంవత్సరమునకే యని రెండవ సంవత్సరమున తెలిసెను. మాట నోటితో ఇచ్చినదే గాని కాగితము లేదు. ఆ తండ్రి అప్పుచేసి పూర్తి ఫీజు కట్టెను. బాలుడు చదువు ముగించెను, బాగుగనే యున్నాడు. అయినను వారు మా యెదుటపడినపుడు ఒక్క మాటయు అననందున మాకు మరింత భారముగా నున్నది. ఆ రోజు మేము కాగితము అడుగుమని చెప్పియుండవలసినది.

మన పిల్లలకు రెండు కంచెల చిక్కు కూడ నున్నది. తెలుగు రాష్ట్రములలో కళాశాలల ప్రవేశములందు స్థానికులకు నూటికి 85 పాళ్ళు కేటాయించు పద్ధతి 1974 నాటి రాష్ట్రపతి ఉత్తరువుతో ఏర్పడినది. ఎచ్చట పుట్టితిమి, ఏ భాష మాటలాడుదుము అనుటకంటె ఎచ్చట చదివితిమి అనునదే అచ్చట స్థానికతకు ముఖ్యముగా లెక్కకు వచ్చును. సరిహద్దుకు ఈవల తెలుగు మాధ్యమమున చదివిన మన బిడ్డ అచ్చట పరాయివాడు. ఇచ్చట భాష చేత వేరు. మొబీల్ బాలుని కథ చదివినపుడు మాకిదియే జ్ఞాపకమునకు వచ్చినది. కష్టముల తీవ్రతలో పోలిక లేదని మేమెరుగుదుము.

కావున ఈ సంవత్సరము నుండి ఉపాధ్యాయ సంఘము వారితో ఆలోచించి ఒక యేర్పాటు చేసితిమి. ఈ రాష్ట్రమునందును, సరిహద్దు కావలను, మన పిల్లలు చేరదగిన ప్రభుత్వ కళాశాలలు, పాలిటెక్నిక్కులు, వాని ఫీజులు, వసతిగృహముల ఖర్చు, స్థానికతకు కావలసిన ధ్రువపత్రములు ఒక పుస్తకమున వ్రాసి కార్యాలయమున ఉంచినాము. గడచిన విద్యార్థులు ఎచ్చట చేరి ఎట్లున్నారో వారిచేతనే రెండేసి పంక్తులు వ్రాయించుచున్నాము. ఇంతవరకు నలుబదిమంది వ్రాసిరి. ఏ ప్రతినిధియైన మీ ఇంటికి వచ్చి కాగితము చూపినచో, సంతకమునకు ముందు దానిని ఒకమారు తెండు. పరీక్షల కాలమంతయు సాయంకాలము ఆఱు గంటల వరకు మేమిచ్చటనే యుందుము.